అటకమీది కాగితములు

వేసవి సెలవులు మొదలైన వారమున ఏ తెలుగు గృహమందైనను అటకమీది సామాను దింపి, బీరువా క్రింది అర తెరచి, పిల్లల బడిసంచులు దులిపి చూచినచో అచ్చట బయల్పడు కాగితపు రాశి చిన్నది కాదు. సగము వ్రాసి విడిచిన నోటుపుస్తకములు, గడచిన ఏటి పంచాంగపు క్యాలెండర్లు, మూలలకు పసుపు రాసిన శుభలేఖలు, చీరల పెట్టెలలోని అట్టలు, మిఠాయి డబ్బాల మూతలు, బహుమతులకు చుట్టివచ్చిన తళుకు కాగితములు, ఏదో ప్రాజెక్టు కొరకు కొని నాలుగవ వంతైనను వాడని రంగు చార్టులు, అడుగున గడ్డకట్టుచున్న జిగురు సీసాలు, ఇవన్నియు నందు కానవచ్చును. వీనిలో కొంత పాతకాగితములు కొనువాని త్రాసునకును, కొంత చెత్తబండికిని పోవును. తక్కినది మరల అటక యెక్కును. ఆ గృహమునందలి బాలుడో బాలికయో బడి తెరచిన నెల తిరుగకమునుపే స్టేషనరీ దుకాణమునకు పోయి క్రొత్త చార్టులు, క్రొత్త రంగు కాగితములు, అచ్చువేసిన బొమ్మల తావులు కొనితెచ్చుటయు మనమందరము చూచుచున్నదే. ఇంట నున్న కాగితమునకును, ఆ యింటి బిడ్డ చేయవలసిన పనికిని నడుమ ఇంత యెడము ఏర్పడుట నాకు మిక్కిలి విచారకరముగా తోచుచున్నది.

ఛాయాచిత్రము, ప్రయాణపు టిక్కెట్టు, ఉత్తరపు ముక్క, పత్రికలోని కత్తిరింపు మున్నగువానిని ఒక తావుపై పొందుపరచి అంటించి, ప్రక్కన నాలుగు పంక్తులు వ్రాసి, అట్టి తావులను పుస్తకముగా కూర్చినచో దానిని స్క్రాప్‌బుక్కు అందురని నేడు మూడవ తరగతి పిల్లలు సైతము ఎరుగుదురు. ఈ పనికి మిగులు కాగితమును మించిన సామగ్రి లేదని నా నిశ్చయము. పొదుపు ఇందుకొక కారణమగునే గాని, నేను ముఖ్యముగా చెప్పదలచినది వేరు. తాతగారి షష్టిపూర్తినాటి చిత్రమును ఆనాటి పట్టుబట్టల పెట్టెలోని అట్టపై అంటించినపుడు, ఆ అట్టయు ఆ దినమున ఆ యింటనే యుండి, ఆ సందడి నడుమ చేతులు మారినదే యగుటచే, చిత్రముతోపాటు అదియు సాక్ష్యము పలుకును. అంగడినుండి నిన్న తెచ్చిన తావు ఎంత అందమైనదైనను ఆ సాక్ష్యము పలుకజాలదు.

అంగడి ఈ విద్యలో ప్రవేశించుట నేటి మాట గాదు. హకల్‌బెరీ ఫిన్ కథ వ్రాసిన అమెరికా రచయిత మార్క్ ట్వేన్, ముందుగనే జిగురు పూసియుంచిన పుటలతో, తడి తగిలిన మాత్రమున అంటుకొను స్క్రాప్‌బుక్కు నొకదానిని కల్పించి 1873లో దానికి పేటెంటు పొందెను. గత శతాబ్దపు చివరి రెండు దశాబ్దములలో ఆ దేశమున ఈ వినోదము పెద్ద వ్యాపారముగా విస్తరిల్లి, కాగితములు, అంటింపు బొమ్మలు, అంచులు కత్తిరించు కత్తెరలు, ముద్రలు, రిబ్బనులు అమ్ముటకు ప్రత్యేకముగా దుకాణములే వెలసెను. కొన్నవి అరలనిండ పేరుకొనిన పిదప, ఉన్నది వాడినగాని క్రొత్తది కొనరాదని ఆ పని యందు మక్కువగల స్త్రీలే తమకు తాము నియమములు విధించుకొనవలసి వచ్చినది. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు బిడ్డ మొదటి యేటి పుస్తకమును ఈ కొనుగోలు సామగ్రితో కూర్చబూనినపుడు మరియొక లోటు కానవచ్చును. తొలి పుట్టినరోజు కేకునకు అంటింపు బొమ్మ దొరకును. అన్నప్రాశననాడు బిడ్డ ప్రాకి పట్టుకొనుటకై ముందుంచిన పుస్తకమునకు, కలమునకు, బంగారమునకు దొరకదు. అక్షరాభ్యాసపు పలకకు దొరకదు. ఊరినుండి వచ్చిన శుభలేఖ కవరో, అమ్మమ్మ పంపిన చీర మడతలోని అట్టయో, పసుపుకుంకుమల పొట్లపు కాగితమో ఆ పుటకు పరచినచో ఆ లోటు తనంతట తానే తీరును. హైదరాబాదులోను విజయవాడలోను మన పిల్లలు కొనుచున్న తావులపైనను, ఆంగ్లమున అచ్చైన శుభాకాంక్షలును, మన పెరట ఎన్నడును పూయని పూలును, మన యాకాశమునుండి ఎన్నడును రాలని మంచుపొరలును ఉండుట గమనింపదగినది.

మిగులు వస్తువనగానే హీనమైనదను భావము మనలో పాతుకొనియున్నది. కాగితము పుట్టుకయే ఆ భావమును ఖండించుచున్నది. క్రీ.శ. 105లో చైనాదేశపు హాన్ చక్రవర్తి కొలువునందలి త్సాయ్ లున్ అను అధికారి చెట్టుబెరడును, నారను, చింకిగుడ్డలను, పాత చేపలవలలను దంచి గుజ్జుచేసి కాగితము తీయు పద్ధతిని తన ప్రభువునకు నివేదించెనని ఆ దేశపు చరిత్రలు చెప్పుచున్నవి. ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్ది నడుమవరకును పుస్తకములన్నియు ముఖ్యముగా పాతగుడ్డల గుజ్జుతో చేసిన కాగితముపైననే అచ్చయ్యెను. జయపురము చెంతనున్న సాంగనేరులో నేటికిని బనియన్ల మిల్లులందు మిగిలిన నూలు పీలికలను నానబెట్టి చేతికాగితము చేయుచున్నారు.

ఈ సందర్భమున ఒక వృద్ధురాలిని స్మరింపవలెను. ఇంగ్లండు దేశమున 1700లో జన్మించిన మేరీ డెలానీ యను నామె, రెండవమారు వైధవ్యము ప్రాప్తించిన కొన్ని యేండ్లకు, డెబ్బది రెండేండ్ల ప్రాయమున, ఎదుటనున్న ఎర్రకాగితపు తునక రంగును ప్రక్కనున్న జిరేనియం పూరేకు రంగును ఒక్కటిగా నుండుట గమనించి, కత్తెర చేతబూని ఆ కాగితమును రేకువలె కత్తిరించెనట. లోపలికి వచ్చిన స్నేహితురాలు అది నిజమైన పూరేకే యని భ్రమించెనని చెప్పుదురు. అంతటితో ఆమెకు ఒక మహావ్యాసంగము ప్రారంభమైనది. నల్లని తావుపై సన్నసన్నని రంగు కాగితపు తునుకలను, ఒక్కొక్క పూవునకు కొన్ని వందల చొప్పున, ఈనెలు, నీడలు, కేసరములు స్ఫుటముగా తెలియునట్లు ఒకదానిపై నొకటి అంటించి, చూపు మందగించువరకు పదేండ్లపాటు ఆమె కూర్చిన పుష్పచిత్రములు 985. రంగు అద్దకపువారి యొద్ద రంగు పరచుకొనిపోయి అమ్మకమునకు పనికిరాక పడియున్న కాగితములను సైతము ఆమె కోరి తెప్పించుకొనెడిది. ఏలయన, చక్కగా కుదిరిన ఏకవర్ణపు కాగితముకన్న, పరచుకొనిపోయిన ఆ రంగులోనే వాడుచున్న రేకు అంచునకు వలసిన ఛాయ దొరకును. ఆ పుష్పచిత్రములు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున భద్రముగా నున్నవి. వృక్షశాస్త్రజ్ఞులు వానిని ప్రమాణముగా గ్రహించిరి. మన యిండ్లలో ముగ్గు చుక్కలను లెక్కతప్పక పెట్టగల చేతులు, పూలజడ కుట్టగల చేతులు డెబ్బదియేండ్లు వచ్చినంతనే టెలివిజను ముందు పనిలేక ఒడిలో పడియుండుట చూచినపుడెల్ల ఈమె నాకు జ్ఞప్తికి వచ్చును. మనుమరాలి స్క్రాప్‌బుక్కులో ఆ చేతులకు పని కలదు.

మన భాషలో ఈ విద్యకు స్వంతమైన సంప్రదాయ మొకటి యున్నదని మరువరాదు. వారపత్రికలలో నవలలు ధారావాహికముగా వెలువడుచున్న దినములలో, వారము వారము ఆ పుటలను జాగ్రత్తగా విప్పి, వరుస తప్పకుండ దాచి, కథ ముగిసిన పిదప బజారులోని బైండింగు పనివాని చేత కుట్టించి, అట్ట వేయించి, అట్టమీద రంగుసిరాతో నవల పేరును, రచయిత పేరును స్వహస్తమున వ్రాసియుంచుకొను అలవాటు తెలుగు గృహములందు ఇంచుమించు సర్వసామాన్యముగా నుండెడిది. 1947 జూలైలో పుట్టిన చందమామకును ఇట్టి గౌరవమే లభించినది. ఒక్కొక్క ఏటి సంచికలు ఒక్కొక్క సంపుటముగా కుట్టబడి, అన్ననుండి తమ్మునికి, తమ్మునినుండి పొరుగింటికి ప్రయాణము చేయుచుండెను. ఆ సంపుటములలో ఒక్కొక్కచోట కథ నడుమ తలనూనె ప్రకటన సగము, వెనుకప్రక్క ఏదో ప్రశ్నకు జవాబు తుది భాగము ఉండిపోయెడివి. ఆ అర్ధభాగములే నేడు ఆ కాలపు బజారును, వేషభాషలను మనకు చూపుచున్నవి. పుస్తకరూపమున వెలువడక పోయిన రచన ఏ మేనమామ గారి పెట్టెలోనో ఇట్లు కుట్టియున్న ప్రతిగా మాత్రమే మిగిలినచో, ఆ కుట్టు వేయించిన గృహస్థు సాహిత్యమునకు చేసిన సేవ ఎంతటిదో చెప్పనక్కరలేదు.

ఇక పని తీరు. ఒక పెండ్లి శుభలేఖను చేతికి తీసికొందము. కవరును అతుకుల వెంబడి విప్పినచో లోపలిప్రక్క తరచుగా లేత రంగున అల్లిక అచ్చు ఉండును. అది పుట అంచులకు పనికివచ్చును. నడిమి మడత అట్ట వెనుకభాగము తెల్లగా, దళసరిగా, చిత్రమును మోయగలిగి యుండును. పై భాగమున బంగారు రంగున వినాయకుడో వేంకటేశ్వరుడో ఉండును గనుకనే మన యిండ్లలో శుభలేఖలు చెత్తలో వేయుటకు చేయి రాక పేరుకొనుచున్నవి. కొందరు వానిని రావిచెట్టు మొదట పెట్టుదురు, కొందరు నదిలో విడుతురు. తళుకుపూత పూసిన అట్ట నీటిలో కరగదు, నదికి భారమగును. ఆ మూర్తిని శ్రద్ధతో వేరుచేసి, ఇంటి వ్రతములు, శుభకార్యములు నమోదుచేయు పుటకు శిరోభాగమున అమర్చినచో భక్తికిని లోపము రాదు, నదికిని హాని కలుగదు. కుచ్చుగా కట్టివచ్చిన ఎర్రని పట్టుదారము పుస్తకము కుట్టునకు సరిపోవును.

ప్రతి కాగితమునకును ఒక వాలు ఉండును. వార్తాపత్రికను పైనుండి క్రిందికి చించిన తిన్నగా వచ్చును, అడ్డముగా చించిన వంకరలు పోవును. ఆ తిన్నగా చిరుగు దిక్కే దాని వాలు. రెండు తావులను వాలు కలియకుండ అంటించినచో ఆరినపిమ్మట పుట ఒక ప్రక్కకు వంగును. బైండింగు పనివారికి ఇది వ్రేళ్లకే తెలియును. జిగురునకు మైదా చాలును: రెండు చెంచాల పిండిని మొదట చన్నీటిలో ఉండలు కట్టకుండ కలిపి, సన్నని సెగపై అది గాజువలె మెరయు వరకు త్రిప్పుచు ఉడికించి, చల్లార్చి, పలుచగా పూసి, రాత్రి యంతయు బరువు క్రింద ఉంచవలెను. పనివారు పురుగు పట్టకుండ అందులో చిటికెడు మైలుతుత్తము కలుపుదురు; అది విషము గనుక పిల్లలు వాడు బంకలో కలుపరాదు. కొలది కొలదిగా కాచుకొని రెండు దినములలో వాడివేయుటయే మేలు. రామబాణపు పురుగునకు ఈ పిండిబంక ప్రీతి. పుస్తక ముంచిన పెట్టెలో ఎండిన వేపాకులో, పూర్వులు తాళపత్రముల మూటలలో ఉంచినట్లు వసకొమ్మో వేసియుంచవలెను.

కొన్ని యపాయములు చెప్పవలసియున్నవి. వార్తాపత్రిక కాగితము కొయ్యగుజ్జుతో చేయబడును. అందలి లిగ్నిన్ అను పదార్థము గాలివెలుతురులు సోకి పసుపుపచ్చనై, ప్రక్కనున్న చిత్రమునకు కూడ మరక అంటించును. కావున కత్తిరింపునకు బదులు దాని జెరాక్సు ప్రతిని అంటించి, అసలును వేరు కవరులో దాచుట మంచిది. సెల్లోటేపు కొన్నేండ్లలో పసుపురంగు తిరిగి, ఊడిపోయి, జిడ్డు మరక మాత్రము మిగుల్చును. యంత్రమునుండి వచ్చు నేటి బస్సు టిక్కెట్టు వేడికి నల్లబడు పూతగల కాగితము; కొన్ని నెలలలో అక్షరములు మాసి తెల్లకాగితమై పోవును; ఊరిపేరును, తేదీని వెంటనే ప్రక్కన కలముతో వ్రాసికొనవలెను. ఒక్క ప్రతియే యున్న చిత్రమును, పెద్దల ఉత్తరమును, ఇంటి దస్తావేజును ఎన్నడును కత్తెరకు ఒప్పగింపరాదు.

కాగితము కొలదిగా నుండుట ఈ పనిలో లోటు కాదనియే నా యనుభవము. ఎర్రకాగితము నాలుగంగుళములు మాత్రమే మిగిలియున్నప్పుడు, పుటలో ఎరుపు ఎచ్చట తప్పనిసరియో బిడ్డ ఆలోచించి నిర్ణయింపవలసి వచ్చును: అక్క పెండ్లి పుటలో కుంకుమకా, తోరణమునకా, చీర అంచునకా? ఆ నిర్ణయము చేసిన క్షణమున ఆ బిడ్డ చిత్రకారుని పని చేసినట్లే. ఇరువది యెర్రకాగితములు కట్టగా కొనియిచ్చినచో ఆ ప్రశ్నయే పుట్టదు. ఆ నాలుగంగుళములలోను కత్తిరింపగా మిగిలిన పీలికలు మరల పనికివచ్చును. చీపురుపుల్లకు చుట్టి విడిచినచో పూరేకులగును. తళుకు పత్రికల పుటలను సన్నని త్రికోణపు పీలికలుగా కోసి, వెడల్పు కొననుండి పుల్లకు చుట్టి, కొసకు బంక రాసి, పుల్ల లాగివేసినచో నడుమ లావై కొసలు సన్నగిల్లిన పూసలగును. సంక్రాంతి బొమ్మలకొలువునకు ఆ పూసల తెరయే చాలును.

మన దేశమున ఈ విద్యకు శాస్త్రగౌరవము కల్పించిన వారును గలరు. టి. సుందరరావు అను పండితుడు 1893లో మద్రాసునందు ప్రకటించిన గ్రంథమున, చతురస్రముగా కోసిన కాగితమును మడచుట మాత్రముచేతనే రేఖాగణితపు సిద్ధాంతములనేకములను నిరూపించి చూపెను. కిండర్‌గార్టెను బడులలోని కాగితపు మడతల ఆట ఆయనకు ప్రేరణ. జర్మను గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దానిని ప్రస్తావింపగా, 1901లో చికాగోలో అది పునర్ముద్రణ పొందినది. మన కాలమున కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు గొట్టములు, పాత వార్తాపత్రికలు మొదలగు పారవేయు వస్తువులతో విజ్ఞానశాస్త్రపు ఆటబొమ్మలు చేయుట దేశమంతట పిల్లలకు నేర్పి, 2018లో పద్మశ్రీ పొందిరి. ఇంతటి వారసత్వము గల మనము ప్రాజెక్టు అనగానే ముందునాటి రాత్రి దుకాణమునకు పరుగెత్తి, దేశనాయకుల బొమ్మలు అచ్చువేసిన తావు కొని, తండ్రి కత్తిరింపగా తల్లి అంటింపగా బిడ్డ నిదురపోవు దశకు వచ్చుట శోచనీయము. ఈ దోషము బిడ్డది కాదు. చాలవరకు తల్లిదండ్రులదియు కాదు. మెరుగునకు మార్కులు వేయు పద్ధతిది.

చిత్రములన్నియు ఫోనులో ఉండగా ఈ శ్రమ యేల యని అడుగువారు కలరు. ఫోనులో వేలకొలది యున్నవి. ఆ వేలలో ఏది ముఖ్యమో ఎవ్వరును ఎంచి పెట్టలేదు. పుటపై నాలుగింటికే చోటున్నప్పుడు ఎంచక తప్పదు. చిత్రము క్రింద నాయనమ్మ వణకుచున్న వ్రాతలో వ్రాసిన ఊరిపేరు ఏ యంత్రమునను దొరకదు. అట్లని కనబడిన ప్రతి కాగితమును దాచుమని నేను చెప్పుటలేదు. చెప్పుల జత వచ్చిన అట్టపెట్టె యొకటి ఇంటికి చాలును. అందు పట్టనిది పాతకాగితములవానికి ఇచ్చివేయవచ్చును, అది మిల్లునకు పోయి మరల అట్టయై వచ్చును.

ప్రధానోపాధ్యాయులకు నా మనవి యిది. 2020 జాతీయ విద్యావిధానము ఆరునుండి ఎనిమిదవ తరగతి వరకు పిల్లలు పది దినములు సంచి లేకుండ స్థానికులైన పనివారి చెంత వృత్తివిద్య నేర్వవలెనని సూచించినది. ఆ పది దినములలో రెండింటిని ఏప్రిలు మాసమునకు కేటాయించి, మీ ఊరి బైండింగు పనివానిని బడికి పిలిపింపుడు. ఆ యేటి నోటుపుస్తకములలో మిగిలిన తెల్లతావులను విప్పి, దబ్బనముతో బెజ్జములు వేసి, దారముతో కుట్టి, క్యాలెండరు కాగితపు అట్ట వేయుట అతడు నేర్పును; ఆ పుస్తకమే వేసవిలో పిల్లలకు స్క్రాప్‌బుక్కు అగును. జూనులో బడి తెరచినపుడు దానిని చూచి మార్కులు వేయునెడ, అంగడినుండి తెచ్చిన వస్తువేదియు అందు ఉండరాదను నియమము పెట్టుడు. పనివానికి ఇచ్చు కూలిని బడి నిధులనుండియే చెల్లింపుడు. పిల్లలనుండి వసూలు చేయకుడు.